ప్లానింగ్ ఇంజనీరు కావాలంటే ముందు సైటు తెలియాలి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సైటు ఉద్యోగం తనకు వద్దని, పనుల షెడ్యూలు వేసే ప్రైమవేరా సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ప్లానింగ్ ఇంజనీరుగా ఆఫీసులోనే స్థిరపడతానని అంటున్నాడు. ఈ ఆలోచన సరైనదేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న రంగం మంచిదే కాని, అందులోకి వెళ్లాలనుకుంటున్న దారి సరైనది కాదు. ప్రైమవేరా కొద్ది నెలల్లో వచ్చేస్తుంది. ప్లానింగ్ ఇంజనీరుకు జీతమిచ్చేది మాత్రం పనిని ఎన్ని రోజులు కుదించవచ్చో, కుదించిన ఒక్కో రోజుకు ఎంత ఖర్చవుతుందో చెప్పగలిగినందుకే.

ఒక శ్లాబునే తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. సెంట్రింగు, కడ్డీలు, కాంక్రీటు కలిపి మామూలుగా 10 రోజులు, రూ.4 లక్షలు పడుతుందనుకోండి. కూలీలను పెంచి, రాత్రి షిఫ్టు కూడా నడిపి 7 రోజుల్లో ముగిస్తే రూ.4.60 లక్షలవుతుంది, అంటే తగ్గిన ఒక్కో రోజుకు రూ.20 వేలు. సిబ్బంది జీతాలు, క్రేను అద్దె, కాపలా వంటి వాటికి సైటులో రోజుకు రూ.25 వేలు పోతుంటే, తొందరపడటమే లాభం. అయితే ఆ శ్లాబు క్రిటికల్ పాత్‌లో, అంటే ఒక రోజు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తాన్ని ఒక రోజు వెనక్కి నెట్టే పనుల వరుసలో, ఉండి తీరాలి, లేకపోతే రూ.60 వేలు పోసినా గడువు ఒక్క రోజు కూడా తగ్గదు. ఆ వరుసలో ఉన్నప్పటికీ, రెండు రోజులు తగ్గించేసరికి లిఫ్టు పనో మరొకటో కూడా క్రిటికల్ అయి కూర్చోవచ్చు. అప్పుడు మూడో రోజు కోసం రెండు చోట్లా డబ్బు పెట్టాలి.

డబ్బు పెట్టినా దొరకని రోజులూ ఉంటాయి. మామూలు సిమెంటుతో వేసిన శ్లాబుకు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటితే కింది సపోర్టులను 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. కంప్యూటర్లో 8 అని కొడితే సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు. సెంట్రింగు మేస్త్రీ మాత్రం మొహం మీదే నవ్వుతాడు.

అందుకే డిగ్రీ కాగానే కనీసం రెండేళ్లు సైటులో పని చేయమనండి. ఆ తర్వాత గేట్ రాసి ఐఐటీ మద్రాసు వంటి చోట నిర్మాణ నిర్వహణలో ఎంటెక్ చేయవచ్చు. హైదరాబాదు శివార్లలోని శామీర్‌పేటలో నిర్మాణ నిర్వహణ చదువులకే ప్రత్యేకమైన నిక్‌మార్ సంస్థ కూడా ఉంది. ఈలోగా సెలవుల్లో మీ ఊళ్లోనే ఏదైనా అపార్ట్‌మెంటు కడుతుంటే అనుమతి అడిగి, ఒక శ్లాబుకు రోజూ ఎంతమంది వచ్చారో, ఎన్ని కిలోల కడ్డీ కట్టారో, ఏ రోజు దేని కోసం ఆగారో పుస్తకంలో రాసుకోమని చెప్పండి. ప్రైమవేరాలో మొదటి షెడ్యూలును ఆ అంకెలతోనే వేయాలి.