సమాధానం: మైలాపూర్‌లో కొన్న కెంపుల సెట్ నకిలీయా?

పాప అరంగేట్రానికి చెన్నై మైలాపూర్‌లో కొన్న సెట్‌లో ఉన్నవి అసలు కెంపులేనా అని అడిగారు కదా. మోసమేమీ జరగలేదండీ, టెన్షన్ పడకండి. చెన్నైలో భరతనాట్యం నగల కొట్లో 'కెంపు సెట్' అంటే ఆ ఎర్రరాళ్ల పనితనానికి పేరు, రత్నానికి కాదు. అలాంటి సెట్లలో ఉండేవి చాలావరకు గాజురాళ్లే. తమిళనాడులోని నాగర్‌కోయిల్ వడశేరిలో చేసే టెంపుల్ నగల (గుడిలో దేవతలకు పెట్టే తరహా నగల) పద్ధతి అది. పాప అరంగేట్రానికి నిక్షేపంలా సరిపోతుంది.

మన తెలుగులో కెంపంటే రత్నమూ, ఎరుపూ. బుగ్గలు కూడా కెంపెక్కుతాయి కదా! కన్నడంలోనైతే మామూలు ఎరుపు రంగే కెంపు. అసలు రాయి కావాలంటే తమిళంలో 'మాణిక్కం' అని అడగండి. అప్పుడు కూడా మాట నమ్మొద్దు. ల్యాబ్ సర్టిఫికెట్‌లో 'సహజ కోరండం, రూబీ' అని ఉందో లేదో చూడండి (కోరండం అంటే కెంపు ఏ ఖనిజమో దాని పేరు). కృత్రిమంగా తయారుచేసిందీ కోరండమే, కాబట్టి 'సహజ' అన్న మాటే ముఖ్యం.