నాన్నకి ఘంటసాల, నాకు ఇళయరాజా, అమ్మాయికి ఇంగ్లిష్ పాటలు: మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీ ఇంట్లో మూడు తరాలు, మూడు రకాల పాటలు, ఒకరు పెట్టింది ఇంకొకరికి పడదు, అందరూ కలిసి వినదగ్గ పాటల పట్టిక ఎవరైనా ఇస్తారా అని అడిగారు. పట్టికైతే నా దగ్గర లేదండీ. ఒకప్పుడు ఉండేది. దాంతో భంగపడ్డ కథే ముందు చెప్తాను.

మూడేళ్ల కిందట సంక్రాంతికి హైదరాబాద్ నుంచి తెనాలి కారులో బయల్దేరాం. నెల రోజులు కూర్చుని ఒక పెన్‌డ్రైవ్ తయారుచేశాను. నూట ఇరవై పాటలు, ఏళ్ల వరుసలో. 1951 నాటి మల్లీశ్వరితో మొదలై మొన్నమొన్నటి పాటల దాకా. తెనాలి చేరేసరికి మా అమ్మాయికి డెబ్భై ఏళ్ల సంగీతం చెవికెక్కుతుందని, నాన్నగారికి ఇళయరాజా మీద కోపం పోతుందని నా లెక్క. చౌటుప్పల్ దాటకముందే అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ దూరాయి. సూర్యాపేటకి నాన్న గురక. కోదాడలో టీకి ఆగినప్పుడు మా ఆవిడ మెల్లగా అంది: "పాటలు బాగానే ఉన్నయి. ప్రతి పాటకి ముందు మీరిచ్చే ఉపన్యాసమే ఎక్కువైంది."

నిజమే. మల్లీశ్వరికి సంగీతం కట్టిన సాలూరి రాజేశ్వరరావు గారి గొప్పతనం చెప్పడంలో పడి ఆయన పాట మొదలైందన్న సంగతే గమనించలేదు నేను.

అదే మల్లీశ్వరి పాట నాకెలా చేరిందో అప్పుడు గుర్తొచ్చింది. 1989లో ఇంటర్ చదువుతున్నాను. కొత్త క్యాసెట్ కొనే డబ్బుల్లేక, కాగితం మీద పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్ కొని షాపులో ఇస్తే నింపి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్, పక్కకి ముప్పై. నా చీటీ నిండా గీతాంజలి, అభినందన లాంటి ఇళయరాజా సినిమాలే. ఇంటికెళ్లి వింటుంటే రెండో పక్క నా పాటలన్నీ అయిపోయాక, కొంచెం గరగర తర్వాత, అడగని పాట ఒకటి వచ్చింది. భానుమతి గారి "మనసున మల్లెల మాలలూగెనే". టేపు చివర నాలుగైదు నిమిషాలు మిగిలిపోతే వృథా ఎందుకని ఆ షాపాయన తనకి నచ్చిన పాటతో నింపేశాడు. ఆ పాట మా ఇంట్లో రేడియోలో వందసార్లు వచ్చే ఉంటుంది, నాకు వినపడలేదు. ఇళయరాజా వయొలిన్లు ఆగిన నిశ్శబ్దంలో మాత్రం వినపడింది. అది రాసింది కృష్ణశాస్త్రి అనీ, సినిమా తీసింది బి.ఎన్.రెడ్డి అనీ తర్వాతెప్పుడో తెలిసింది. క్యాసెట్ తెచ్చుకునేటప్పుడు షాపాయన ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ముందుకు జరిపేసేవాణ్ణి.

అందుకని మీకు నా మొదటి సలహా: నూట ఇరవై వద్దు. వాళ్లకి నచ్చిన పాట చివర మీది ఒక్కటి తగిలించి ఊరుకోండి.

ఇక కీబోర్డు సంగతి. కరోనా రోజుల్లో అమ్మాయికి కొన్నది, అటక మీద దుమ్ము కొట్టుకుపోతోంది. నాన్నగారు మా దగ్గరుంటున్నప్పుడు ఒకరోజు దింపించారు. తెనాలి వైపు మనుషులకి పద్యనాటకాల పిచ్చి మీకు తెలిసిందే. ఆయన వయసులో ఉండగా ఊళ్లో నాటకం ఆడితే హార్మోనిస్టు పక్కనే చాప వేసుకుని తెల్లవార్లూ కూర్చునేవారట. ఆ అలవాటుతో కీబోర్డు మీద తెల్లమెట్లు వదిలేసి, నల్లమెట్లు మాత్రమే ఒక్కొక్కటీ నొక్కి "ఇది మోహన రాగం" అన్నారు.

ఇంట్లో కీబోర్డుంటే ఇప్పుడే చూడండి. నల్లమెట్లు మూడు ఒక గుంపు, రెండు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిది షడ్జమం (స, అంటే రాగం మొదలయ్యే స్వరం) అనుకుని కుడివైపుకి వరసగా ఐదూ నొక్కితే స రి గ ప ద, అంటే మోహనం. మాయాబజార్‌లో (1957) "లాహిరి లాహిరి లాహిరిలో" ఆ రాగమే. ఇప్పుడు అవే ఐదు మెట్లు, షడ్జమం ఒక్కటీ పక్కకి జరపండి. మూడింటిలో రెండోది షడ్జమమైతే మధ్యమావతి, శంకరాభరణంలో (1980) "శంకరా నాదశరీరాపరా". మూడోదైతే హిందోళం, త్యాగయ్య గారి "సామజవరగమన"; పూజాఫలంలో జానకమ్మ "పగలే వెన్నెలా" కూడా అదే. రెండింటి గుంపులో మొదటిదైతే శుద్ధ సావేరి, రెండోదైతే శుద్ధ ధన్యాసి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో అన్నమయ్య "భావములోనా బాహ్యమునందును" విని ఉంటారుగా, అది శుద్ధ ధన్యాసి. సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని గ్రహభేదం అంటారు. నాకు మాత్రం గారడీలా అనిపించింది. అన్నమయ్య పాట, త్యాగయ్య కీర్తన, ఘంటసాల, శంకరాభరణానికి సంగీతం కట్టిన మహదేవన్, అందరూ ఒకే ఐదు మెట్ల మీద!

అమ్మాయి గదిలోంచి బయటికొచ్చింది. ఆన్‌లైన్‌లో గిటార్ నేర్చుకుంటోంది. "తాతయ్యా, మొదటిది ఇంకోసారి వాయించు" అంది. గిటార్ తెచ్చి, ఆయన వాయించిన స రి గ ప ద స వరసనే టకటకా మీటింది. "మై గర్ల్" పాట మొదట్లో వచ్చే గిటార్ ముక్క అది. టెంప్టేషన్స్ అనే బృందం 1964లో అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ కంపెనీకి పాడింది. గిటార్ రాబర్ట్ వైట్. కొత్తగా గిటార్ పట్టినవాళ్లకి అది నేర్పిస్తారట. మోహనం ఆరోహణ (కింది నుంచి పైకి ఎక్కే వరస), ఒక్క స్వరం అటూ ఇటూ కాకుండా! ఆ ఊపులో నేను 1988 నాటి ఘర్షణలోని "నిన్నుకోరి వర్ణం" పెట్టాను. సంగీతం నేర్చుకునేవాళ్లు సాధన చేసే మోహన వర్ణం పల్లవిని పట్టుకుని ఇళయరాజా కట్టిన పాట. క్రిస్మస్‌కి పక్కవీధి చర్చిలో వినపడే "అమేజింగ్ గ్రేస్" కూడా ఇవే నల్లమెట్ల మీద పలుకుతుందని అమ్మాయి వాయించి చూపించింది. నేను ఉప్పొంగిపోయాను. నా పెన్‌డ్రైవ్ చేయలేని పని ఐదు మెట్లు చేశాయనుకున్నాను.

నాన్నగారు మాత్రం నవ్వి, "ఐదు స్వరాలు ఉన్నంత మాత్రాన మోహనం అయిపోదురా. అక్షరాలవేనని శుభలేఖా కోర్టు నోటీసూ ఒకటవుతాయా?" అన్నారు. ఆయన మాటా కొట్టిపారేయలేం. హిందుస్తానీలో భూప్, దేశ్‌కార్ అని రెండు రాగాలున్నాయి. రెండింటికీ మన మోహనం స్వరాలే. గాంధారం (గ) మీద నిలబడితే భూప్, ధైవతం (ద) మీద నిలబడితే దేశ్‌కార్. ఎక్కడ ఆగాలి, ఎలా జారాలి, ఏ గమకం వేయాలి, అంటే స్వరాన్ని ఎలా ఊపాలి అన్నదాన్లోనే రాగం ఉంది. కీబోర్డు మెట్టు నొక్కితే కదలకుండా నిలబడే స్వరం గమకం ఎలా పలుకుతుంది? కాబట్టి నా నల్లమెట్ల లెక్క పలకరింపు వరకే పనికొస్తుంది. చుట్టరికం కలపదు.

ఆ లోపు వంటింట్లోంచి మా ఆవిడ: "మీ అయిదు మెట్లల్ల మా పాట యాడుంది?" ఆవిడది సూర్యాపేట దగ్గర ఊరు. బతుకమ్మ పాటల్లో పుట్టి పెరిగింది. గోరటి వెంకన్న రాసిన "పల్లె కన్నీరు పెడుతుందో" వస్తే గరిటె పట్టుకునే నిలబడిపోతుంది. ఆ పాటకి రాగం వెతకబోయి చీవాట్లు తిన్నాను. కుమ్మరి వామి, సాలెల మగ్గం పోయిన ఊరిని తలుచుకుంటుంటే ఏ మెట్టు మీద ఉందని అడుగుతావా అంది. అడగలేదు మళ్లీ.

ఇక అసలు సంగతి. పోయిన వేసవిలో కరెంటు పోయి అందరం బాల్కనీలో కూర్చున్నాం. అమ్మాయి ఫోన్‌లో ఏదో సిరీస్‌లో విన్నానంటూ ఒక పాట పెట్టింది. నీనా సిమోన్ 1965లో "పాస్టెల్ బ్లూస్" ఆల్బమ్‌లో పాడిన "సిన్నర్‌మ్యాన్". అమెరికా నల్లజాతివాళ్ల భక్తి పాట దానికి మూలం. పది నిమిషాల పైచిలుకు ఉంటుంది. పియానో గుర్రంలా పరిగెడుతుంది. మధ్యలో అన్నీ ఆగిపోయి చప్పట్లు మాత్రం మిగులుతాయి. నేను నాన్న మొహం వైపు చూశాను, ఎప్పుడు లేచి లోపలికి వెళ్తారా అని. చప్పట్లు వచ్చేసరికి ఆయన వేలు కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది.

"ఏమంటోందే ఆవిడ?" అని అడిగారు.

అమ్మాయి చెప్పింది. "పాపి ఒకడు పరిగెత్తుతున్నాడు తాతయ్యా. దాచమని బండ దగ్గరికెళ్తే బండ దాచనంటుంది. నదికి పరిగెడితే నది నెత్తురు కారుతోంది. సముద్రానికి పరిగెడితే అది మరిగిపోతోంది. దేవుడి దగ్గరికెళ్తే నువ్వు సైతాను దగ్గరికే పో అంటాడు."

నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయనే గొంతెత్తి "ఏమి సేతురా లింగా" అందుకున్నారు. విజయవాడ రేడియో భక్తిరంజనిలో బాలమురళి గారి గొంతున విన్న తత్వం. గంగనీళ్లు తెచ్చి పూజ చేద్దామంటే అందులోని చేపా కప్పా అది మా ఎంగిలి అంటాయి. పాలు తెద్దామంటే లేగదూడ ఎంగిలంటుంది. పూలు తెద్దామంటే తుమ్మెద ఎంగిలంటుంది. ఎటు వెళ్లినా తలుపు మూసే ఉంటుంది. ఆ తత్వం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఆ ఇంగ్లిష్ పాటా నాలుగైదుసార్లు విన్నాను. ఈ రెండూ ఒక చూరు కిందివని నాకు తట్టలేదు. తట్టదు కూడా, నేను రాగాలు లెక్కపెట్టుకుంటున్నాను కదా. అక్కడొకడు భయంతో పరిగెడుతున్నాడు, ఇక్కడొకడు చేతులు కట్టుకుని అడుగుతున్నాడు, అంతే తేడా.

అమ్మాయి ఆ తత్వాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుంది. బాలమురళిది వెతికి ఇస్తానంటే, "వద్దు నాన్నా, తాతయ్యదే చాలు" అంది. తర్వాత బాలమురళిదీ తనే వెతుక్కుంది, అది వేరే విషయం.

మీరు ఇష్టమైన పాటలు కూడా చెప్పమన్నారు. పైన వచ్చినవన్నీ నావే. వీటికి ఒక్కటి కలుపుతాను: జగదేకవీరుని కథలో (1961) "శివశంకరీ". పెండ్యాల గారు దర్బారీ కానడలో కట్టారు, ఘంటసాల పాడారు. పిల్లలకి దీన్ని వినిపించకండి, చూపించండి. చివర్లో తెర మీద ఐదుగురు ఎన్టీఆర్‌లు ఒకేసారి కనపడతారు, ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు వాయిస్తుంటారు. మా అమ్మాయి దాన్ని చూసి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక మళ్లీ మొదట్నుంచి పెట్టింది.

ఆ రోజు బాల్కనీలో నీనా సిమోన్ పాట ముగిసి, తత్వం ముగిసి, కరెంటు వచ్చింది. అందరం లేవబోతుంటే నాన్నగారు కుర్చీలోంచి కదల్లేదు. నాటకంలో పద్యం బాగా పాడితే జనం అరుస్తారే, అలాగే చెయ్యెత్తి మనవరాలి ఫోన్ వైపు చూపించి అరిచారు:

"వన్స్‌మోర్!"