ఎస్‌పీసీ ప్లాంకులు: మందం కన్నా ముందు చెమ్మ చూడండి

గ్రౌండ్ ఫ్లోర్‌లో పాత మొజాయిక్ మీదే ఎస్‌పీసీ రకం వినైల్ ప్లాంకులు (నేలకు పరిచే పలకలు) వేయాలి, 4 మి.మీ.నా 6 మి.మీ.నా అని అడిగారు కదండీ. మందం కన్నా పైనుండే వేర్ లేయర్, అంటే గీతలు, అరుగుదల తట్టుకునే పొర ముఖ్యం. ఇంట్లో కుక్క ఉందన్నారు కాబట్టి 0.3 వద్దు, 0.5 మి.మీ. తీసుకోండి.

ఎస్‌పీసీ అంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన గట్టి పలక. నీళ్లకు ఉబ్బదు. కానీ వాటర్‌ప్రూఫ్ అన్నది పలకకే, కింద నేలకు కాదు! ముందు ఒక పాలిథిన్ షీటు నేలకు నాలుగు వైపులా టేపుతో అతికించి ఒకట్రెండు రోజులు ఉంచండి. లోపల చెమ్మ పడితే ముందు దాని సంగతి చూడాలి.

వేడికి పలకలు కాస్త సాగుతాయి కాబట్టి గోడల పక్కన సుమారు 8 మి.మీ. సందు వదలమని వేసేవాళ్లకు గట్టిగా చెప్పండి, స్కర్టింగ్ కప్పేస్తుంది. మా ఇంట్లో వదల్లేదు. మే నెల ఎండకు బాల్కనీ తలుపు దగ్గర పలకలు పైకి లేచాయి.