పెళ్లి మాట తర్వాత, ముందు మీ ఆయనకి చెప్పండి

ఖమ్మం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు. కొడుకుకి ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదివాడు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో రాస్తే రద్దయింది, 2023లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది. పుస్తకాలు మూట కట్టుకుని ఇంటికొచ్చేశాడు. రాత్రి నిద్ర లేదు, పగలు గది దాటి రాడు, ఊరికే గుండె దడ అంటాడు. ఓ స్నేహితుడు పట్టుబట్టి గవర్నమెంటు ఆసుపత్రిలో సైకియాట్రిస్టుకి చూపిస్తే మాత్రలు రాశారు. ఈవిడ వాటిని భర్త కంటబడకుండా పోపుల డబ్బా వెనక దాచి ఇచ్చేవారట. పది రోజులైనా గుణం కనబడలేదు, పైగా పక్కింటావిడ అవి అలవాటైపోతాయని భయపెట్టింది, దాంతో ఆపేశారు. ఇప్పుడు అడిగేదేమిటంటే, "పెళ్లయితే దారిలో పడతాడని మావారు మాఘమాసానికి సంబంధం చూస్తున్నారు. మాత్రల సంగతి అమ్మాయి తరపు వాళ్లకి చెప్పాలా వద్దా?"

అమ్మా, ఈ పెళ్లే ఇప్పుడు చెయ్యకూడదు, ఇక చెప్పాలా వద్దా అన్న ప్రశ్నెక్కడిది? స్నానానికి లేవడానికే ఓపిక లేని పిల్లాడికి ముడిపెట్టి ఎవరో కన్నబిడ్డ గొంతు కోస్తారా? వద్దు. ఆ సంగతి అంతటితో వదిలెయ్యండి.

మీరు ఉత్తరం చివర్లో, అన్నీ అయ్యాక ఒక మాట రాశారు. "నేను లేకపోతే నీకూ నాన్నకీ గొడవలుండవు కదమ్మా అంటాడండీ, ఏదో విసుగులో అంటాడు లెండి" అని. విసుగని మీరెలా తేల్చారు? ఆ మాట ఎవరన్నా నిజమనే తీసుకోవాలి. ఇవాళే పక్కన కూర్చుని సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరికీ భయం. పుట్టదు. తను చెబుతున్నంతసేపూ అడ్డు రాకండి, నీకేం తక్కువ చేశామనీ, ఎదురింటివాళ్ల అబ్బాయిని చూడమనీ మొదలెట్టకండి. తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకోవడం అసలే వద్దు, ఒట్టేసిన పిల్లాడు మళ్లీ ఆ ఆలోచనొస్తే మీతో చెప్పడు.

అవునంటే ఒంటరిగా వదలొద్దు. పొలం మందులు ఇంట్లోంచి తీసేయించండి, మాత్రలన్నీ మీ చేతిలో ఉంచుకోండి. 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ఈ ఫోన్ లైన్‌ని 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు, పైసా కట్టక్కర్లేదు. వాడు మాట్లాడనంటే మీరే మాట్లాడండి. ఏదైనా చేసుకునేలా ఉన్నాడనిపిస్తే ఫోన్‌లో కాలయాపన వద్దు, 108ని పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాత్రల విషయం. డిప్రెషన్ మాత్రల గుణం కనబడడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీరు పదో రోజునే ఆపేశారు. నిద్రకీ దడకీ ఇచ్చే మాత్రలు కొన్ని అలవాటయ్యే మాట నిజమే, అందుకే వాటిని డాక్టర్లు కొద్ది రోజులకే రాస్తారు. డిప్రెషన్ మాత్రలు ఆ బాపతు కావు. ఆపేసిన సంగతి డాక్టరుకి చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఆయన్నే అడగండి. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడమంటారు, అప్పుడూ మీ అంతట మీరు ఆపకండి.

ఇక అసలు సంగతి మీరూ మీ ఆయనా. ఉత్తరమంతా వెతికాను, తండ్రీ కొడుకూ నేరుగా మాట్లాడుకున్న మాట ఒక్కటి లేదు. "మీవాడు లేచాడా" అని ఆయన, "నాన్న వెళ్లాడా" అని వీడు, ఇద్దరూ మిమ్మల్నే అడుగుతారు, మీరు సగం చెప్పి సగం మింగేస్తారు. ఇల్లు నిలబెడుతున్నాననుకుంటున్నారు. గుమ్మం వైపు చూసుకుంటూ మాత్ర చేతిలో పెట్టే అమ్మని చూస్తే ఆ పిల్లాడికేమనిపిస్తుంది? తన జబ్బు ఈ ఇంట్లో దొంగసొత్తనే కదా. ఇన్నేళ్లు కాపురం చేసి కూడా భర్తకి ఒక నిజం చెప్పడానికి వణుకుతున్నారే, ఆ భయం మీదమ్మా, దాన్ని వాడెందుకు మొయ్యాలి? ఆయనకి కోపమొస్తుందని బిడ్డ ప్రాణం మీదికొచ్చిన మాట దాచడాన్ని నేను ఓర్పు అనను. అరిస్తే అరవనివ్వండి. పైగా ఆయన రాక్షసుడేం కాదు, కోచింగ్‌కి డబ్బు చాలకపోతే అరెకరం అమ్మాడని మీరే రాశారు. అలాంటి మనిషికి కొడుకు చావు మాటెత్తాడని తెలియకుండా ఉంచే హక్కు మీకెవరిచ్చారు?

ముందు అబ్బాయితో, నాన్నకి చెబుతున్నానని చెప్పండి, వాడి వెనకాల వద్దు. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన దగ్గర కూర్చుని, "వాడికి జబ్బు చేసింది, డాక్టరు మందులిచ్చారు, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతున్నాడు" అని చెప్పండి. ఉద్యోగం, పెళ్లి, పరువు ఇందులో కలపొద్దు. కొడుక్కి ధైర్యవచనాలు చెప్పమని కూడా ఆయన్ని అడగొద్దు, అలవాటు లేని మనిషి ఏదో అని చెడగొడతాడు. బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లి, ఓపీ చీటీ రాయించి, బయట బల్ల మీద వాడి పక్కన కూర్చుంటే చాలు. ఆయన రానంటే ఆగిపోకండి, మీ తమ్ముణ్ణి తోడు తీసుకుని మీరే వెళ్లండి. మధ్యలో ఆపేసిన మాత్రల అట్ట కూడా సంచీలో వేసుకోండి, ఏ రోజు నుంచి మానేశాడో డాక్టరు అడుగుతారు.