సర్వర్ బ్యాకప్‌కి పెన్‌డ్రైవా, ఎస్ఎస్‌డీనా?

ఇంటి సర్వర్ బ్యాకప్ రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీస్తున్నాను, ఎస్ఎస్‌డీకి మారాలా అని అడిగారు కదా. రెండూ వద్దండీ, మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా చవక రకం ఫ్లాష్ ఉంటుంది, రోజూ రాస్తుంటే అరిగిపోతుంది, పైగా చాలావాటిలో స్మార్ట్ రిపోర్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే సమాచారం) కూడా ఉండదు కాబట్టి పోయేముందు ఏ సూచనా రాదు. ఎస్ఎస్‌డీ వేగమే కానీ కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పక్కన పడేస్తే డేటా చెడిపోవచ్చు, అయినా అర్ధరాత్రి నడిచే పనికి అంత వేగం ఎందుకు? హార్డ్ డిస్క్ ఎస్ఎంఆర్ రకం (డేటా వరుసలను ఒకదానిమీద ఒకటి కొంచెం పడేలా రాసేది) అయినా పర్లేదు, కాస్త నెమ్మది, అంతే. లినక్స్‌లో ఫైళ్లను నేరుగా కాపీ చేస్తుంటే మాత్రం డిస్క్‌కి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ వద్దు, ఫైళ్ల ఓనర్, పర్మిషన్ల వివరాలు పోతాయి, లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ పెట్టుకోండి. వీలైతే రెండు డిస్కులు మార్చి మార్చి వాడండి, ఒకటి ఎప్పుడూ సర్వర్ నుంచి ఊడదీసే ఉండాలి. కొన్నాక ముందు ఒకసారి బ్యాకప్ నుంచి ఫైళ్లను రీస్టోర్ చేసి (వెనక్కి తెచ్చి) చూడండి.