అర్ధరాత్రి లాంతరు తీసేయ్

చిరంజీవికి,

ఆశీస్సులు. ఉన్ని కోసం పెంచే ఒంటె జాతి జంతువు అల్పాకా, దాని కానుపు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను, దానితో పంపిన ఉత్తరమూ చదివాను. నిజం చెప్తున్నాను, ఉత్తరమే బాగుంది.

ఉత్తరంలో ఏం రాశావు? పదకొండు దాటింది, ఎండెక్కింది, మందంతా మేస్తోంది, ఈనబోయే అల్పాకా ఒక్కటే మాటిమాటికీ పేడకుప్ప దగ్గరికి పోయి నిలబడి ఊరికే తిరిగొస్తోంది అన్నావు. వ్యాసంలోకి వచ్చేసరికి అర్ధరాత్రి అయిపోయింది, వాన మొదలైంది, నీ చేతిలోకి లాంతరొచ్చింది. కానుపంటే చీకటి ఉండాలని మనం చదివిన కథలు మనకు అలవాటు చేశాయి. అల్పాకాలు మాత్రం చాలావరకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకానే ఈనుతాయి. వాటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ 4,000 మీటర్ల ఎత్తున రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి. తడి ఒంటితో పడ్డ పిల్ల పొద్దుగూకే లోపల ఆరాలి, లేవాలి, పాలు తాగాలి. నువ్వు చూసిన ఎండ అంత పాతది. దాన్ని తీసేసి వాన పెట్టావు.

ఇంకోచోట తల్లి పిల్లను నాకి నాకి శుభ్రం చేసిందన్నావు. అది ఆవు సంగతి. అల్పాకా పిల్లను నాకదు. మూతి దగ్గర పెట్టి వాసన చూస్తుంది, గొంతులో సన్నగా కూనిరాగంలా మూలుగుతుంది. మందలో మిగతావి కూడా ఒక్కొక్కటే వచ్చి వాసన చూసి పోతాయి. పిల్ల ఒంటిమీద పల్చటి పొర ఉంటుంది, దాన్ని తువ్వాలుతో తుడిచింది నువ్వేనని ఉత్తరంలో ఉంది. వ్యాసంలో ఆ తువ్వాలు ఏమైంది? చేసినవాడివి నువ్వు, పేరు తల్లికిచ్చావు. ఇది వినయం కాదు నాయనా, పక్కవాళ్లు రాసినదాన్ని నీ కళ్లకంటే ఎక్కువ నమ్మడం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది నీ తొందర. వ్యాసంలో తల కనబడగానే లాగేశావు, పిల్ల బయటపడింది, అందరూ ఏడ్చారు. జరిగింది అది కాదు కదా. ఉమ్మనీరు పోయింది. ముక్కు కనబడింది, ఒక కాలు కనబడింది, రెండోది లేదు. పొలం ఆసామి గడియారం చూసుకుంటూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అరగంట దగ్గర పడుతున్నా పిల్ల అంగుళం కూడా కదలనప్పుడు పశువైద్యురాలికి ఫోన్ చేశారు. ఆమె చెప్తుంటే ఆసామి గోళ్లు తీసిన చేతిని కడుక్కుని, జారుడు మందు పూసుకుని, నొప్పి ఆగిన క్షణం చూసి పిల్లను కాస్త వెనక్కి నెట్టి, మడతపడ్డ కాలు వెతికి, దాని కొస గర్భసంచికి గుచ్చుకోకుండా అరచేతిలో మూసి ముందుకు తెచ్చారు. ముందుకు రావాల్సిన పిల్లను ముందు వెనక్కి నెట్టాలి! ఆ ఒక్క కదలికలో నీ వ్యాసం మొత్తం ఉంది. దానికి ఒక పేజీ ఇవ్వు. ఆ చేతికి ఏం తగిలింది, వేడిగా ఉందా, నొప్పి వచ్చినప్పుడు మణికట్టు నలిగిందా, ఆసామిని అడిగి రాయి.

ఆ తర్వాతి నిమిషాలు కూడా మింగేశావు. తల, ముందుకాళ్లు బయటికొచ్చాక తల్లి నిలబడే కాసేపు ఆగుతుంది. పిల్ల తలకిందులుగా వేలాడుతుంది. చూసేవాళ్లకు గుండె నోట్లోకి వస్తుంది. కానీ ఆ వేలాటలోనే ముక్కులోంచీ నోట్లోంచీ నీరు కారి ఊపిరికి దారి అవుతుంది. అక్కడ చెయ్యి పెట్టకుండా నిలబడటం ఎంత కష్టమో అల్పాకాల మధ్య ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. లాగినవాడి ధైర్యం ఎవరైనా రాస్తారు. చేతులు కట్టుకుని నిలబడ్డవాడి సంగతి నువ్వు రాయాలి.

బొడ్డుకు అయోడిన్ అద్దడం లాంటివి ఒక్క వాక్యంలో కానిచ్చెయ్. జున్నుపాల దగ్గర మాత్రం ఆగు. కడుపులో ఉండగా తల్లి నుంచి పిల్లకు రోగాల్ని తట్టుకునే శక్తి అందదు, పుట్టాక ఆ మొదటి పాలతోనే రావాలి. అందుకే పిల్ల తడబడుతూ లేచి, తప్పు కాళ్ల మధ్య మూతి పెట్టి వెతుకుతుంటే అక్కడున్నవాళ్లంతా ఊపిరి బిగబట్టారు. ఆ కారణం పాఠకుడికి ముందే తెలిస్తేనే అతనూ వాళ్లతోపాటు నిలబడతాడు.

చివరి పేరా కొట్టెయ్. పిల్ల పాలు తాగగానే కథ అయిపోయిందనుకున్నావు, ఆసామి అనుకోలేదు. మాయ పడేదాకా ఆయన కదల్లేదని నువ్వే రాశావు. అది ఆరు గంటలు దాటినా పడకపోతే మళ్లీ వైద్యురాలికి ఫోన్ చెయ్యాల్సిందే. పడ్డాక నేలమీద పరిచి, ముక్కేమైనా లోపల ఉండిపోయిందేమోనని అంచులు వెతికారు కదా, ఆ పరిచిన మాయ వ్యాసంలో ఉండాలి. అసహ్యమని భయపడకు.

తిరగరాసేముందు ఒకసారి ఆ పొలానికి వెళ్లు. పిల్ల బరువు రోజూ రాసుకుంటున్నారన్నావు, ఆ పుస్తకం అడిగి చూడు. అందులో అంకెల పక్కన ఆసామి ఏమైనా రాసుకుని ఉంటే, అవి కూడా దించుకుని నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి