లోనా బయటా ఆటలో రాసిన నోటు చెల్లుతుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నిరుడు సంక్రాంతికి మా తమ్ముడు ఊరి బయట మామిడితోటలో లోనా బయటా ఆడి రెండు లక్షలు పోగొట్టుకున్నాడు. చేతిలో ఉన్న ఇరవై వేలు ఇచ్చి, మిగతా లక్షా ఎనభై వేలకు అక్కడే ప్రాంసరీ నోటు రాసిచ్చాడు. నోటు ఆట నడిపినవాడి బావమరిది పేర ఉంది. ఇప్పుడు వడ్డీతో సహా కట్టమని లాయరు నోటీసు వచ్చింది. పేకాట సంగతి బయటపెడితే తమ్ముడి మీదే కేసు అవుతుందని బెదిరిస్తున్నారు. పొలం అమ్మి కట్టమంటారా? - ఒక అన్న

జవాబు: పొలం అమ్మకండి. నోటీసును మాత్రం పక్కన పడేయకండి. ఇలాంటి వ్యవహారాల్లో ఆస్తులు పోయేది ఎక్కువగా జవాబు ఇవ్వకపోవడం వల్లే.

ముందు ఆ ఆట ఏమిటో చూద్దాం. మీ కేసంతా దాని మీదే నిలబడుతుంది. నడిపేవాడు పేక కలిపి ఒక ముక్కను అందరికీ కనబడేలా తిప్పి పెడతాడు. అది ఏడు అనుకోండి. ఆడేవాళ్లు లోన గానీ బయట గానీ డబ్బు కాస్తారు. ఆ తర్వాత అతడు లోనకు ఒకటి, బయటకు ఒకటి చొప్పున ముక్కలు వేస్తూ పోతాడు. మరో ఏడు ఎటు పడితే అటు కాసినవారిది గెలుపు. ఇస్పేటా, ఆఠీనా అన్నది లెక్కలోకి రాదు. క్యాసినోల్లో అందర్ బాహర్ అనేది ఇదే.

ముక్కలు వేయడం మొదలయ్యే వైపుకు గెలిచే అవకాశం నూటికి సుమారు 51.5, రెండో వైపుకు 48.5. అందుకే చాలా క్యాసినోల్లో మొదటి వైపు గెలిస్తే నూటికి తొంభై మాత్రమే ఇస్తారు. ఎటు కాసినా ఆడేకొద్దీ డబ్బు నడిపేవాడి వైపే జారుతుంది. కాసేవాడి తెలివికి ఇందులో చోటే లేదు.

రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సత్యనారాయణ కేసులో చెప్పింది. ఆ వాదన లోనా బయటాకు పనికిరాదు. ఇంట్లో పిల్లలతో డబ్బు లేకుండా ఆడితే తప్పు లేదు. ఒకడు లాభం కోసం ఏర్పాటు చేసిన చోట డబ్బు పెట్టి ఆడితే 1974 నాటి గేమింగ్ చట్టం కింద నేరం. 2020 సవరణ తర్వాత ఆడినవారికి ఆరు నెలల వరకు, నడిపినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు పడవచ్చు. ఫోనులో ఆడినా ఆ సవరణ వర్తిస్తుంది.

ఇక నోటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు. అప్పు ఇచ్చినట్టు కాగితం మీద రాయించుకున్నంత మాత్రాన ఓడిన పందెం అప్పుగా మారదు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. నోటు మీద సంతకం ఉంటే, డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదని చూపించే భారం మీ తమ్ముడిదే. ఆ బావమరిది అక్కడ నిజంగా చేతికి డబ్బు ఇచ్చాడా, లేక ఓడిన మొత్తానికే అతని పేరు వాడుకున్నారా? తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఈ ఒక్క ప్రశ్నకు నిజం రాబట్టండి. డబ్బు ఇచ్చి ఉంటే వాదన మారుతుంది. ఆడటానికే అని తెలిసి ఇచ్చాడని, నేరానికి ఇచ్చిన అప్పు అదే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదని పోరాడాలి. అది కష్టమే గానీ చేయదగిన పోరాటం.

నిరూపించడం మీరు భయపడేంత కష్టం కాదు. నేరం కేసులో మాదిరి అనుమానానికి తావు లేకుండా చూపనక్కర్లేదు. మీ మాటే ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటే చాలు. నోటు రాసింది పండగ రోజు, తోటలో. సాక్షి సంతకాలు ఎవరివి? ఆటలో ఉన్నవారివేనా? అంత డబ్బు ఇచ్చే స్తోమత ఆ బావమరిదికి ఉందా? ఆ రోజుల్లో ఫోనుకు వచ్చిన సందేశాలు ఉన్నాయా? ఇవన్నీ పోగు చేయండి.

కేసు అవుతుందన్న బెదిరింపుకు లొంగకండి. ఏడాదికి మించని జైలుశిక్ష ఉన్న నేరాన్ని, జరిగిన ఏడాదిలోపు కోర్టు ముందుకు తేకపోతే సాధారణంగా విచారణకు స్వీకరించరు. నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 514వ సెక్షన్ అదే చెబుతుంది. నిరుటి సంక్రాంతి దాటి ఏడాది పైనే అయింది. మీ నోరు మూయించడానికే వాళ్లు ఆ మాట అంటున్నారు.

రాజీ పేరుతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాయించవద్దు. నోటుకు మూడేళ్ల గడువు ఉంటుంది. గడువు తీరకముందే తమ్ముడి సంతకంతో చెల్లు పడితే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి. ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే నాకు వెంటనే రాయండి. చెక్కు తిరిగొచ్చాక వచ్చే నోటీసుకు పదిహేను రోజులే గడువు, దాని దారి వేరు. ఇచ్చేసిన ఇరవై వేలు తిరిగి రావడం కష్టం, వాటి కోసం ఖర్చు పెట్టుకోకండి.

ఈ వారమే కావలిలో సివిల్ కేసులు చూసే న్యాయవాది చేత జవాబు ఇప్పించండి. డబ్బు ముట్టలేదని, ఇది జూదం బాకీ అని అందులో సూటిగా రాయించండి. దావా పడి సమన్లు అందితే ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కోర్టుకు వెళ్లకపోతే మీ వాదన వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతుంది, అప్పుడు చెల్లని నోటు కూడా మీ తమ్ముడి పొలాన్ని జప్తుకు తెస్తుంది.